ఇంటామెతో ఒక మాట

2 సెప్టెంబర్ 2024, సోమవారం. పొలాల అమావాస్య

రుద్రూరు దగ్గర చుట్టాల ఊరు. ముసురు ఇవాళ కాస్త తెరిపిచ్చింది. కాక తెల్లవారకముందే ఎడ్లను బోరు కాడికి తోలుకుపోయి కడిగి తెచ్చాడు. కొమ్ములకు రంగులు, నొసట కుచ్చులు, మెడలో గంటలు. కాడి ఒరుసుకుని కాయ కాచిన చోట వెన్నలో పసుపు కలిపి రాస్తూ ఎడ్లతో ముచ్చట పెట్టాడు. “శాన కష్టపడ్డవు బిడ్డా ఈయేడు. నువ్వు లేకపోతె నా పని ఏమైతుండె? నాలుగు దినాలు ఆరాముగుండు ఇగ.” గంగడోలు నిమురుతూ, చెవి దగ్గరికి వంగి, ఆగి ఆగి, ఎంతసేపు మాట్లాడాడో.

పక్కనే చిన్నమ్మ నైవేద్యం తట్ట పట్టుకుని నిలబడింది. నడిజామున లేచి పోలెలు చేసింది. ఆ పొలంలో వంగి నాటు వేసింది కూడా ఆమే. కాక ఆమెతో అన్న మాటలు ఇవి: “తట్ట ఇటియ్యి. జర పక్కకు జరుగు.”

మగవాళ్లకు మాటలు రావని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఇవాళ విన్నవి మరి ఎవరి మాటలు? మెచ్చుకోవడం వచ్చు, నిమరడం వచ్చు, నువ్వు లేకపోతే నేను లేనని చెప్పడమూ వచ్చు. భార్య దగ్గరికి వచ్చేసరికే గొంతు పట్టేస్తుంది. ఎద్దు తిరిగి ఏమీ అడగదు. నవ్వదు. పదిమందిలో చెప్పుకోదు. భార్య తలెత్తి చూస్తుంది. ఆ చూపును తట్టుకోవడమే కష్టమనుకుంటా.

6 సెప్టెంబర్, బోధన్ నుంచి నిజామాబాద్ బస్సు

ఎడపల్లిలో ఒక జంట ఎక్కింది. నలభై దాటినవాళ్లు. ఆమెకు కిటికీ పక్క సీటు చూపించి, తను నాలుగు వరసల వెనక మగవాళ్ల మధ్య కూర్చున్నాడు. కండక్టర్ రాగానే “ఒకటి నిజామాబాద్” అన్నాడు. ఆమె ముందు సీట్లో ఆధార్ కార్డు తీసి తన జీరో టికెట్ తను తీసుకుంది.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యేదాకా ఆయన “రెండు” అనేవాడు. ఆ మాటతో వీళ్లిద్దరూ ఒకటని బస్సంతా తెలిసేది. ఉచిత ప్రయాణం ఆడవాళ్లకు ఎంత ధైర్యమిచ్చిందో నాకు తెలుసు. పుట్టింటికి పోవడానికి చెయ్యి చాపక్కర్లేకపోవడం చిన్న సంగతి కాదు, దాన్ని ఎవరైనా తీసేస్తామంటే నేనూ రోడ్డెక్కుతాను. మగవాళ్లకు మాత్రం పైసలిచ్చి చూపించే దారి ఒకటి మూసుకుపోయింది. ఇక పక్కన కూర్చుని చూపించాలి. పక్క సీటు జానకంపేట దాకా ఖాళీగానే ఉంది.

2 అక్టోబర్, ఎంగిలిపూల బతుకమ్మ

పొద్దున్నుంచీ మోపెడ్ల మీద పూల మూటలు. తంగేడు ఊళ్ల దగ్గర ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? గుట్టల దాకా పోవాలి. గునుగు అయితే ఇంకా చేన్ల గట్ల మీద ఉంది. బతుకమ్మ పేర్చేది ఆడవాళ్లే అయినా, పూలు తెచ్చే పని మన ఊళ్లలో చాలావరకు మగవాళ్లది. పండక్కి మూర మల్లెపూలు కొనడానికి సిగ్గుపడే మనిషి, ఈ తొమ్మిది రోజులు గోనెసంచి పట్టుకుని ముళ్లలో తిరుగుతాడు.

మా పక్కింటాయన కరెంటు పని చేస్తాడు. ఇవాళ ఎనిమిదింటికి వచ్చి, మూట అరుగు మీద పడేసి, “ఇగో” అని చాయ్ హోటల్‌కు పోయాడు. ఆమె మూట విప్పి తంగేడు, గునుగు వేరుచేస్తుంటే అడుగున తడిగుడ్డలో చుట్టిన తామరపూలు కనిపించాయి. చెరువులో దిగితే గానీ దొరకవు. “ఎవ్వరడిగిండ్రు ఈయన్ను తామరపూలు?” అంది నాతో, నవ్వు ఆపుకోలేక. ఆ నవ్వు చూడడానికి ఆయన అక్కడ లేడు.

ఇంతకంటే ఇంకేం కావాలి, ఇదే కదా ప్రేమ అంటారు మా అత్తమ్మ తరం వాళ్లు. అవును, ప్రేమే. అందులో నాకు అనుమానం లేదు. నా బాధ వేరే. మూట అడుగున ఏముందో వెతికి, దాని అర్థం చెప్పుకుని, తనకు తనే సంతోషపడే పని కూడా ఆమెదే అయింది. ఒకరోజు ఆమెకు నడుము నొప్పో, మనసు బాగాలేకో మూట విప్పకపోతే ఆ పూలు అందనట్టే. “నీకోసం చెరువుల దిగిన” అనడానికి ఎంతసేపు పడుతుంది?

10 అక్టోబర్, సద్దుల బతుకమ్మ

మైదానం చుట్టూ బండ్లు ఆపుకుని మగవాళ్లు. భుజాల మీద పిల్లలు. ఒకాయన బతుకమ్మ ఆడుతున్న భార్యనొక్కదాన్నే ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు, గుంపులో ఆమె ఎటు తిరిగితే అటు. నేను చూస్తున్నానని తెలియగానే ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తీయవయ్యా, తీయి! అందామనుకునేలోపు వెళ్లిపోయాడు.

25 అక్టోబర్, శుక్రవారం. ఆర్మూర్ అవతల

మా మరదలు బీడీలు చేస్తుంది. తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మొన మడిచి, దారం కట్టడం. ఇరవై అయిదుకు ఒక కట్ట. చేతులు వాటంతటవే కదులుతుంటాయి. ఎదురుగా చాటకు ఆనించి ఫోన్ పెట్టింది. అందులో కువైట్ గది, ఆమె భర్త. శుక్రవారం సెలవు కాబట్టి వంట చేసుకుంటున్నాడు.

మొదటి అయిదు నిమిషాలు లెక్కలు. పైసలు వచ్చినయా, చిట్టీ కట్టినవా, బాపుకు గోలీలు అయిపోయినయా, పిల్లగాడు బడికి పోతుండా. అంతే, ముచ్చట అయిపోయింది. కానీ ఎవరూ ఫోన్ పెట్టేయలేదు. అటు ఉల్లిగడ్డ తరిగే చప్పుడు, ఇటు కత్తెర చప్పుడు. చాలాసేపు అలాగే.

“కట్ చేయవా?” అన్నాను.

“ఉండనీయి వదినా. ఆయన పని ఆయనది, నా పని నాది. ఇంట్లున్నట్టే ఉంటది.”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇమో యాప్ కనిపెట్టినవాళ్లకు ఈ వాడకం తట్టి ఉండదు.

ఇంటికి వచ్చాక ఆలోచిస్తుంటే మాటల క్యాసెట్లు గుర్తొచ్చాయి. ఎనభైల్లో, తొంభైల్లో గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్లతో క్యాసెట్ పంపేవాళ్లు, గొంతు రికార్డు చేసి. ఇల్లంతా టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చునేది. అవ్వకు, బాపుకు దండాలు, అన్నదమ్ములకు పేరు పేరునా పలకరింపులు, ఎవరి అప్పు ఎంత తీర్చాలో వివరం. భార్య వంతు చివర వచ్చేది: “పిల్లలను మంచిగ చూసుకో.” అత్తమామలు, మరుదులు, ఇరుగుపొరుగు వింటుండగా ఇంకేం అనగలడు? ఆమె తలుపు చాటున నిలబడి వినేది. ఆ గొంతు ఇంటందరి ముందు మాట్లాడడానికే అలవాటుపడింది. ఇప్పుడు చేతిలో సొంత ఫోన్ ఉంది, గదిలో ఎవరూ లేరు. అయినా అత్తమామలు పక్కనే కూర్చుని వింటున్నట్టే మాట్లాడతాడు. ఈ జిల్లాలో మూడు తరాల మగవాళ్లు మంచి వయసంతా ఎడారిలో గడిపారు. పెళ్లయిన కొత్తలో, మాటలు నేర్చుకోవాల్సిన రోజుల్లో, వాళ్లు ఇక్కడ లేరు. ఇది లెక్కలోకి తీసుకోకుండా మగవాళ్లను తిట్టడం నాకు న్యాయమనిపించదు.

17 నవంబర్, ఆదివారం

పెండ్లి. ఆర్మూర్ రోడ్డులో ఫంక్షన్ హాలు, తర్వాత పిల్లవాడి ఇల్లు. గడప దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడ్డారు, పేర్లు చెప్పుకుంటేనే లోపలికి అని. పిల్ల గట్టిగా, స్పష్టంగా మొగుని పేరు చెప్పింది. పిల్లవాడు హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో ఉద్యోగం చేస్తాడు, రోజూ ఇంగ్లీషులో మీటింగులు నడుపుతాడు. చెవుల దాకా ఎర్రబడి, మూడుసార్లు అడిగించుకుని గొణిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఎవరో వెనక నిలబడ్డ పిల్లవాడి తండ్రిని లాగారు. “అన్నా, నువ్వు గూడ చెప్పు వదిన పేరు!” ముప్పై ఏళ్ల కాపురం. కూతురి పేరు పెట్టి “వాళ్లమ్మ” అనడం తప్ప ఆయన ఆమెను ఇంకోలా పిలవగా నేను వినలేదు. “మాదెప్పుడో అయిపాయె” అని నవ్వుతూ పక్కకు తప్పుకున్నాడు. అందరూ మళ్లీ నవ్వారు. ఆమె హారతి పళ్లెం పట్టుకుని ఉంది. పేరు అడిగిన క్షణంలో ఆయన వైపు తిరిగింది. ఏదో వింటానన్న ఆశ ముఖంలోకి వచ్చింది, ఆయన పక్కకు తప్పుకోగానే పోయింది. తర్వాత కర్పూరం వెలిగించింది. అంత జనంలో అది ఆయన చూడలేదు.

8 డిసెంబర్. సాలూరా దాకా వెళ్లొచ్చాం

అక్కడ మంజీర దాటితే మహారాష్ట్ర. ఆ రాష్ట్రంలో చెరకు కోతకు మొగుడు పెండ్లాలను జంటగా మాట్లాడుకుంటారు, ఇద్దరికీ కలిపి ఒకే లెక్క, ఒకే అడ్వాన్సు. అతను గడ నరికితే ఆమె ఆకు దులిపి మోపు కడుతుంది. పగలంతా చేతికి చెయ్యి అందే దూరం. మా మరదలికీ ఆమె భర్తకూ మధ్య సముద్రం ఉంది, వీళ్ల మధ్య ఒక చెరకు సాలు. దూరమే అసలు కారణమైతే వీళ్లు కబుర్ల పుట్టలై ఉండాలి. అలసట సంగతి కూడా ఎవరైనా రాయాలి. పన్నెండు గంటలు వంగి పనిచేసిన ఒంటికి తీపి మాట ఎక్కడి నుంచి వస్తుంది?

23 డిసెంబర్, శక్కర్‌నగర్

1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ. మంజీర మీద నిజాంసాగర్ కట్టి కాలువ నీళ్లు తెచ్చాక ఈ నేల చెరకుతో నిండింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. తొమ్మిదేళ్లు. చెట్లు గోడల్లోంచి మొలుస్తున్నాయి.

ఈ వీధిలో ఒకామె నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆమె భర్త ఆ ఫ్యాక్టరీలో పనిచేశాడు. జీతం రోజు ఆయన దారి మార్చుకుని బజారు మీదుగా వచ్చేవాడట. పూలు, ఒక పొట్లం జిలేబీ. ఆమె చేతికి జీతం ఇచ్చేటప్పుడు మాత్రం ముఖంలోకి చూసి నవ్వేవాడు. “నెలకొక్కపారి. గదే మాకు సినిమా” అంది. మూతపడ్డాక పూలు ఆగిపోయాయి. దాంతోపాటు నవ్వూ, ముచ్చటా. ఎదురుపడితే తల దించుకుని పోయేవాడు. తన మీద మనసు విరిగిందని ఆమె ఏళ్ల తరబడి అనుకుంది. ఈ మధ్య ఆయనకు ఆపరేషన్ అయి ఆస్పత్రిలో పడుకున్నప్పుడు అన్నాడట: “ఒట్టి చేతులతోని నీ ముంగటికి ఏ మొహం పెట్టుకొని రావాలె?”

ఈ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మనం మగపిల్లలకు ఏం నేర్పాం? తేవడం నేర్పాం. తెచ్చేది ఉంటేనే ఇంట్లో నీకు చోటు, మాట, నవ్వు అని నేర్పాం. జీతం ఆగిపోయినప్పుడు ఆయన దగ్గర ఆమెకు ఇవ్వడానికి ఏమీ మిగల్లేదనుకున్నాడు. ఆమెకు పక్కన మంచం మీద కూర్చునే మనిషి కావాలి, జిలేబీ పొట్లం కాదు. ఆ సంగతి ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒంటరిగా బతికారు.

5 జనవరి 2025

గాథాసప్తశతి మళ్లీ చదువుతున్నాను. హాలుడు కూర్చిన ప్రాకృత గాథలు, గోదావరి ఒడ్డు పల్లెల బతుకు. రాజుల ప్రేమలు కావు. హాలికుడు, అతని భార్య, దూరదేశం పోయిన మగడు, వాన మొదలైతే దారి చూసే ఇల్లాలు. గల్ఫ్ ఇంకా లేదు గానీ ఎదురుచూపు అప్పుడే ఉంది. ఒక గాథలో వంటచేస్తూ మసి చేత్తో ముఖం తుడుచుకున్న భార్యను చూసి మగడు నవ్వుతాడు, ఇప్పుడు నీ ముఖం అచ్చం చంద్రుడేనని, మచ్చతో సహా. ఎంత మామూలు క్షణం! పండుగ లేదు, కానుక లేదు. వంటింట్లోకి తొంగిచూశాడు, ముఖం చూశాడు, ఒక మాట అన్నాడు.

బోధన్‌ను పాతకాలపు అశ్మక రాజధాని పోదన అని చరిత్రకారులు చెబుతారు. ఈ మట్టికి శృంగారం తెలియదనీ, ఇదంతా సినిమాల నుంచి, విదేశాల నుంచి వచ్చిన వేషమనీ ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

14 జనవరి, సంక్రాంతి

నిజామాబాద్‌కు పసుపు బోర్డు వచ్చింది. ఎన్నేళ్ల కోరిక! చాయ్ హోటల్ దగ్గర సందడి, ధరల మీద, కొమ్ము మీద, గోళ మీద గంటల కొద్దీ ముచ్చట. సంతోషమే. ఆ ముచ్చటలో నూరో వంతు ఇంట్లో వినిపిస్తే బాగుండును.

26 జనవరి. ఖిల్లా

గుట్ట ఎక్కాం. నిజాం కాలంలో ఇందూరు (నిజామాబాద్) జైలు ఇదే. ఇక్కడ వట్టికోట ఆళ్వారుస్వామితో పాటు దాశరథి కృష్ణమాచార్య బందీగా ఉన్నారు, బొగ్గుతో గోడ మీద పద్యం రాశారు. నేను పాఠాలు చెప్పే కాలేజీ పిల్లలందరికీ ఆ కథ తెలుసు, గర్వంగా చెబుతారు. అదే చెయ్యి గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చిందని, 1961 నుంచి సినిమాలకు సున్నితమైన ప్రేమ పాటలు రాసిందని చెబితే మగపిల్లలు కొంచెం ఆశ్చర్యపోయారు. పోరాడే మనిషి మెత్తగా మాట్లాడడని వాళ్ల నమ్మకం. ఎక్కడ నేర్చుకున్నారో మరి. ఆయనకు ఆ రెండింటి మధ్య గోడ ఉన్నట్టు లేదు.

14 ఫిబ్రవరి, శుక్రవారం

క్లాసులో పాఠం పక్కన పెట్టాను. “మీ బాపు మీ అమ్మను మెచ్చుకుంటుంటే ఎప్పుడైనా విన్నారా?” నిశ్శబ్దం. తర్వాత వెనక బెంచీ నుంచి ఒకడు, “కూర బాగలేకపోతె అంటడు మేడం. బాగుంటె అనడు. తిని లేస్తడు.” నవ్వు. ఇంకొకడు నిదానంగా అన్నాడు: “మా అన్న పెండ్లయిన కొత్తల వదినకు గిన్నెలు కడిగిచ్చిండు. మా కాక చూసి, పెండ్లాం కొంగు పట్టుకొని తిరుగుతుండు అని ఊరంత చెప్పిండు. మల్ల కడుగలే.”

ఆ “మల్ల కడుగలే” దగ్గర క్లాసు నిజంగా ఆలోచనలో పడింది. ఒక్క ఎగతాళి చాలు. చిన్న ఇళ్లు, ఉమ్మడి కాపురాలు, చుట్టూ కళ్లు. ఎగతాళి చేసే నాలుకల్లో ఆడవాళ్లవీ ఉన్నాయి, కొడుకు కోడలి వైపు చూస్తే ఓర్వలేని తల్లులు. వాళ్లకు దక్కనిది ఇంకొకరికి దక్కుతుంటే కలిగే బాధ అది, నేను వాళ్లనూ తప్పుపట్టలేను.

పిల్లలకు జాన్ గాట్మన్ పరిశోధన చెప్పాను. అమెరికాలో సియాటెల్‌లో కొత్త జంటలను గమనించి, ఆరేళ్ల తర్వాత మళ్లీ చూశాడు. కలిసి ఉన్న జంటలు మొదట్లో ఒకరి పలకరింపుకు ఒకరు నూటికి 86 సార్లు పలికినవాళ్లు. విడిపోయినవాళ్లు 33 సార్లే. పలకరింపు అంటే పెద్దదేం కాదు. “ఇగో, గా పిట్టను చూడు” అంటే తలెత్తి చూడడం. వెనక బెంచీ పిల్లవాడు నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నాడు. గులాబీల మీద ఉపన్యాసం ఆశించినవాళ్లకు నిరాశే.

8 మార్చి, శనివారం

బీడీ చేసే ఆడవాళ్ల మీటింగ్‌కు పిలిచారు. జీవనభృతి 2,016 రూపాయలు ఎవరికి ఆగిపోయాయి, పీఎఫ్ కాగితాలు, కంటి పరీక్షలు. పని అయ్యాక చాయ్ తాగుతూ అడిగాను, ఇంటాయన నుంచి ఏం కావాలి అని. మొదట ముసిముసి నవ్వులు. “ఏం గావాలె, తాగకుంటె చాలు” అంది ఒకామె. నిజమే, అదీ ఉంది. కాస్త ఆగాక మాటలు వచ్చాయి.

“బజారుకు పోతె ముంగట ముంగట ఉరుకుతడు. పక్కపొంటి నడువాలె.”

“కొత్త చీర కట్టిన్నాడు మంచిగున్నవ్ అనాలె. ఫోన్ల చూసుకుంట ఊఁ అనుడు గాదు.”

“నాకు జరమొచ్చిన్నాడు కాడ కూసోవాలె. గోలీలు తెచ్చిచ్చి పోతడు. పైసలు పెట్టిన గద అంటడు.”

ఎవరూ వజ్రాలు అడగలేదు. ఒక్కటీ పైసలతో కొనేది కాదు.

జరం మాట చెప్పిన ఆమె భర్త బయట బండి మీద ఎదురుచూస్తున్నాడు. ఎండలో గంట నుంచి. నాకు ఆపుకోవాలనిపించలేదు. వెళ్లి చెప్పాను, ఆమె పక్కనే ఉండగా, ఆమె ఒప్పుకున్నాకే. ఆయన హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“నాకెన్నడు చెప్పలే మేడం.”

“నువ్వెన్నడడిగినవ్?” అందామె.

“కూసుంటె ఏం మాట్లాడాలె మరి?” నన్ను అడిగాడు, నిజంగానే తెలుసుకోవాలని.

“ఏం మాట్లాడకు. కూసో” అంది ఆమె, నేను నోరు తెరవకముందే. “అన్నం తిన్నవా అని అడుగు. గంతే.”

ఆయన హెల్మెట్ ఆమెకు ఇచ్చాడు. ఒకటే ఉంది. వద్దు నువ్వే పెట్టుకో అని ఆమె, ఎండ కొడుతుంది నువ్వే పెట్టుకో అని ఆయన. గేటు దాటేదాకా ఆ గొడవ నడుస్తూనే ఉంది.